మరలే మిగిలాయి

2018 జులైలో త్రీడీ ప్రింటర్లు చేసే ప్రింటర్‌బాట్ కంపెనీ మూతపడింది. అమ్రాబాద్ గుట్టల మీద ఆ పేరు విన్నవాళ్లు తక్కువే. కానీ ప్లాస్టిక్ బొమ్మలు చేసుకునే చవక త్రీడీ ప్రింటర్ ఎవరింటికొచ్చినా మొదట ఏడిపించేది ఫస్ట్ లేయరే, అంటే మొదటి పొర. ఆ ఏడుపు మాన్పబోయి తానే పోయిన కంపెనీ ఇది.

కరిగిన ప్లాస్టిక్‌ను వదిలే నాజిల్ రంధ్రం మామూలుగా 0.4 మిల్లీమీటర్లు, మొదటి పొర మందం 0.2. బొమ్మ నిలిచే ప్లేటు, అంటే బెడ్, ఒక మూల రెండు కాగితాల మందం దిగితే చాలు, ప్లాస్టిక్ అతుక్కోక నూలుపోగులా నాజిల్ వెంట ఈడ్చుకుపోతుంది. ఎత్తయితే నాజిల్ ప్లేటును గీకుతుంది, దారి మూసుకుపోయి ప్లాస్టిక్‌ను తోసే ఎక్స్‌ట్రూడర్ టిక్కుటిక్కుమంటుంది.

కాలిఫోర్నియాలో ప్రింటర్‌బాట్ పెట్టిన బ్రూక్ డ్రమ్ 2011లో జనం దగ్గర పెట్టుబడి సేకరించే కిక్‌స్టార్టర్ సైటులో 25 వేల డాలర్లు అడిగితే జనం 8 లక్షల 30 వేలు ఇచ్చారు. ప్లైవుడ్ ముక్కలతో మొదలైన ఆ యంత్రం 2014కల్లా ‘సింపుల్ మెటల్’ అయింది. నాజిల్ పక్కన ఒక సెన్సర్ పెట్టారు. అది లోహపు బెడ్‌ను పసిగట్టి, కొన్నిచోట్ల ఎత్తు కొలిచేది. ఆ లెక్కతో యంత్రమే ప్రింట్ చేస్తూ నాజిల్‌ను పైకీ కిందికీ జరుపుకునేది. బెడ్ వంకర బెడ్‌కే ఉండేది, దాన్ని సరిచేయడానికి కింది మరలు తిప్పే పని మాత్రం తప్పేది. సెన్సర్‌కూ నాజిల్ కొనకూ ఉన్న తేడా ఒక్కటే మనిషి సరిచేసి పెట్టాలి. సొంత డబ్బుతో కొనుక్కునేవాడికి ఆ రోజుల్లో అంతకన్నా మేలు చేసిన యంత్రం నాకైతే కనబడదు.

ధర మాత్రం 600 డాలర్లు. చైనా నుంచి 200 డాలర్ల యంత్రాలు వరసకట్టాయి. ప్రింటర్‌బాట్ మూతపడిన ఏడాదే వచ్చిన క్రియాలిటీ ఎండర్ 3కి సెన్సర్ లేదు, నాలుగు మూలలా స్ప్రింగులు, వాటి కింద చేత్తో తిప్పే మరలు. జనం దాన్నే కొన్నారు. తప్పుపట్టలేం, జేబులోంచి పోయే డబ్బు కనబడుతుంది, మరల దగ్గర పోయే పూటలు కనబడవు. అమ్మకాలు పడిపోయి డ్రమ్ కంపెనీ మూసేశాడు. కొన్నేళ్లకు అదే ఎండర్ వరసలో సెన్సర్ కూడా వచ్చింది. మెచ్చుకోళ్లు మాత్రం ప్రింటర్‌బాట్‌కు దక్కలేదు.

అమ్రాబాద్‌లోనో అచ్చంపేటలోనో మరల యంత్రం చేతికొచ్చినవాళ్లకు ఒక మాట. వేడికి ప్లేటు వంగుతుంది, కాబట్టి పీఎల్ఏ ప్లాస్టిక్ అయితే బెడ్ 60 డిగ్రీలకు చేరాకే నాజిల్ కింద కాగితం పెట్టి మూలలు చూసుకోండి. ఒక మూల తిప్పితే ఇంకో మూల కదులుతుంది, మళ్లీ మొదటినుంచి చూడండి. అప్పటికీ అతుక్కోకపోతే మరల జోలికి పోకండి. ప్లేటు చల్లారాక ఊడదీసి గిన్నెల సబ్బుతో కడగండి, చాలాసార్లు తప్పు వేళ్ల జిడ్డుదే.