న్యాయవాదిగా అబ్రహాం లింకను

అబ్రహాం లింకను పేరు చెప్పగానే బానిసల విమోచనము, అమెరికా అంతర్యుద్ధము, నాటకశాలలో హంతకుని తుపాకిగుండు మన మనస్సునకు వచ్చును. ఆయన అధ్యక్షపీఠముపై నుండినది నాలుగు సంవత్సరములకు కొంచెము పైకాలము మాత్రమే. అంతకుముందు దాదాపు 24 సంవత్సరములు ఆయన ఇల్లినాయి రాష్ట్రమున వకీలు వృత్తి నవలంబించి జీవించెను. ఆ రాష్ట్రపు కోర్టు దస్తరములను వెదకిన చరిత్రకారులు, లింకనును ఆయన భాగస్వాములును పాల్గొనిన వ్యాజ్యములు 5,000కు పైగా నున్నవని లెక్క కట్టిరి. కథలలో ప్రసిద్ధి కెక్కినవి హత్యానేరపు విచారణలు గాని, వాని సంఖ్య స్వల్పము. బాకీలు, భూములు, వారసత్వపు తగవులు, రైలు కంపెనీల వ్యవహారములు, ఇవియే ఆయన నిత్యకృత్యము. గొప్ప ఆస్తులును, అంతకంటె గొప్ప హక్కులును పణముగా నిలిచిన సివిలు వ్యాజ్యములలో ఆయన యెట్లు వ్యవహరించెనో, వానివలన నేమి నేర్చెనో నేటి ప్రసంగమున కొంత విన్నవింతును.

లింకను 1809వ సంవత్సరమున కెంటకీ రాష్ట్రమున నొక దుంగల గుడిసెలో జన్మించెను. ఆయన బడిచదువు మొత్తము కలిపినను ఒక సంవత్సరము నిండదు. న్యూసేలము గ్రామమున అంగడి పెట్టి అప్పులపాలై, పోస్టుమాస్టరుగను భూముల సర్వేయరుగను పనిచేయుచు, ఎరువు తెచ్చుకొన్న గ్రంథములతో న్యాయశాస్త్రము నభ్యసించెను. ఆయనకు గురువు లేడు. బ్లాక్‌స్టను రచించిన వ్యాఖ్యానములే గురువు. 1836వ సంవత్సరము సెప్టెంబరులో పట్టా లభించెను. మరుసటి యేప్రిలులో స్ప్రింగుఫీల్డు పట్టణము చేరి జాన్ స్టూఅర్టు అను వకీలుతో భాగస్థు డయ్యెను. 1841 మొదలు 1844 వరకు స్టీవెన్ లోగనుతో కలిసి పనిచేసెను. వ్యాజ్యమును ముందుగనే శ్రద్ధతో సిద్ధపరచుకొనవలెనను పాఠమును లోగను ఆయనకు నేర్పెను. ఆ తరువాతి భాగస్వామి విలియం హెర్న్‌డను. వారి పొత్తు కడవరకు నిలిచినది.

ఆ కాలమున న్యాయాధిపతి ఒకచోట కూర్చుండువాడు కాడు. జిల్లా వెంబడి జిల్లా తిరిగి తీర్పులు చెప్పుచుండెడివాడు. వకీళ్లును ఆయన వెంట గుఱ్ఱములపైనను బండ్లలోను బయలుదేరుచుండిరి. లింకను తిరిగిన ఎనిమిదవ న్యాయమండలమున ఒకప్పుడు 14 జిల్లాలుండెను. వసంతమున కొన్ని వారములు, శరత్కాలమున కొన్ని వారములు ఈ సంచారము జరుగుచుండెను. ఉదయము ఊరు చేరుట, మధ్యాహ్నము కక్షిదారు చెప్పినది వినుట, మరునాడు జూరీయెదుట నిలుచుట. రాత్రి న్యాయాధిపతియు వకీళ్లును ఒకే పూటకూళ్లింట, ఒక్కొక్కప్పుడు ఒకే మంచముపై నిద్రించుట. పల్లె రైతు ఏ మాట కేమి అర్థము చేసికొనునో, జూరీలోని పండ్రెండుగురు ఎచ్చట విసుగుదురో లింకను ఈ బాటసారి జీవితముననే తెలిసికొనెను.

సివిలు వ్యాజ్యమన్న ధనముకొరకు జరుగునది యని సామాన్యముగా తలతురు. కాని కాగితముపై వ్రాసిన కొలది డాలర్ల వెనుక ఒక మనుష్యుని బ్రదుకే నిలిచియుండుట కలదు. 1841వ సంవత్సరమున ఇల్లినాయి సుప్రీంకోర్టులో లింకను వాదించిన బెయిలీ, క్రామ్‌వెల్ వ్యాజ్యము అట్టిది. బెయిలీ యనునతడు నాన్సు అను నల్లజాతి యువతిని కొనుటకు ప్రామిసరీ నోటు వ్రాసియిచ్చెను. సొమ్ము చెల్లింపలేదని అమ్మినవారి పక్షమున దావా పడెను. లింకను బెయిలీ పక్షమున నిలిచి, ఇల్లినాయి నేలపై మనుష్యుడు స్వతంత్రుడని భావింపవలసియుండగా, స్వతంత్రురాలిని అమ్ముట చెల్లదు గనుక నోటును చెల్లదని వాదించెను. కోర్టు అందుకు సమ్మతించెను. బాకీదావా యొక స్త్రీ స్వాతంత్ర్యమును నిర్ణయించినది.

ఇంతటితో నాపినచో చిత్తరువు సగమే యగును. ఆరు సంవత్సరముల తరువాత, 1847వ సంవత్సరము అక్టోబరులో, అదే లింకను రాబర్టు మాట్సను అను బానిసల యజమాని పక్షమున వకాల్తా పుచ్చుకొనెను. మాట్సను కెంటకీనుండి బానిసలను ఏటేట తెచ్చి ఇల్లినాయిలోని తన పొలమున పని చేయించుకొనుచుండెను. జేన్ బ్రయంటు అను తల్లియు ఆమె బిడ్డలును పారిపోయి శరణుచొచ్చిరి. వారిని పంటకాలమునకు మాత్రమే తెచ్చితిమి గాని స్థిరనివాసమునకు కాదని లింకను వాదము. స్థిరముగా నుంచుకొన్నయెడల వారు స్వతంత్రులే యని ఆయనయే యొప్పుకొనెను. కోర్టు వాస్తవమును విచారించి జేనుకును బిడ్డలకును విముక్తి ప్రసాదించెను; లింకను ఓడిపోయెను. అడిగిన కక్షిదారు నెల్ల కాదనక స్వీకరించుటయే వకీలు ధర్మమని కొందరు ఆయనను సమర్థింతురు. మనస్సాక్షికి విరుద్ధమైన పని యని మరికొందరు నిందింతురు. వృత్తిధర్మమునకును మానవధర్మమునకును నడుమ గల ఇరుకుదారిలో లింకను వంటివాడును తొట్రుపడెనని మాత్రము చరిత్ర చెప్పుచున్నది.

కాంగ్రెసు సభలో 1847 మొదలు 1849 వరకు సభ్యుడుగా నుండి తిరిగివచ్చినపిమ్మట లింకను వృత్తి కొత్త రూపు దాల్చెను. ఇల్లినాయిలో ఇనుపదారులు పరచుచున్న కాలమది. 1851లో ఏర్పడిన ఇల్లినాయి సెంట్రలు రైలు కంపెనీకి, తన ఆదాయమున నొక భాగమును రాష్ట్రమునకు చెల్లించునట్లును, అందుకు ప్రతిగా ఇతర పన్నులనుండి మినహాయింపు పొందునట్లును చట్టమేర్పడెను. మెక్లీన్ జిల్లావారు 1853లో తమకును పన్ను కట్టవలసినదే యనిరి. రైలుదారి అనేక జిల్లాలగుండ పోవునది. ఒక జిల్లా గెలిచినచో మిగిలినవియు బిల్లులు పంపును; కంపెనీ మనుగడకే ముప్పు. మరియొక జిల్లావారు తనతో ముందుగ ప్రసంగించియుండిరి గనుక లింకను వారికి జాబు వ్రాసి, వారు తన్ను నియమించుకొనరని తెలిసిన తరువాతనే కంపెనీవద్ద 250 డాలర్లు ముందుసొమ్ము పుచ్చుకొనెను. సుప్రీంకోర్టులో రెండుమారులు వాదములు జరిగి, 1856 జనవరిలో తీర్పు కంపెనీకి అనుకూలమయ్యెను. ఫీజు విషయమున కంపెనీ మొగము చాటువేయగా లింకను 1857లో దానిపైననే దావా వేసి 5,000 డాలర్లకు జూరీ నిర్ణయము పొందెను. ఆయన జీవితమున పుచ్చుకొన్న ఫీజులలో నిదియే పెద్దది. దానిని హెర్న్‌డనుతో పంచుకొనెను. వింత యేమనగా, ఆ తరువాతను కంపెనీ ఆయనను తన వకీలుగా నుంచుకొనెను.

ఈ గెలుపునకు కొలది నెలల ముందే గొప్ప అవమానము నొకదానిని ఆయన దిగమ్రింగవలసివచ్చెను. కోతయంత్రమును నిర్మించి ప్రసిద్ధుడైన సైరస్ మెకార్మికు, తన పేటెంటును జాన్ మానీ యనునాతడు అపహరించెనని నాలుగు లక్షల డాలర్లకు దావా తెచ్చెను. విచారణ ఇల్లినాయిలో జరుగునని తలంచి మానీ పక్షమువారు స్థానికుడగు లింకనును నియమించుకొనిరి. ఆయన రాక్‌ఫర్డు పోయి యంత్రపు పండ్లును చక్రములును స్వయముగా పరీక్షించి వాదము వ్రాసికొనెను. విచారణ సిన్సినాటి నగరమునకు మారెను. 1855 సెప్టెంబరులో అచ్చటికి పోవగా, మానీ తరఫున నిలిచిన స్టాంటను మొదలగు పెద్ద వకీళ్లు, పొడుగు కాళ్లతో ముతకబట్టలతో వచ్చిన ఈ పల్లెటూరి వకీలును దరికి రానీయలేదు. ఆయన వ్రాసిన వాదమును విప్పి చూడనైన లేదు. లింకను అలిగి వెడలిపోవక, వారము దినములు ప్రేక్షకులనడుమ కూర్చుండి వారి వాదములను వినెను. పట్టణపు వకీళ్లు సిద్ధపడి వచ్చు విధమును చూచి, తాను ఇంకను చదువవలెనని నిశ్చయించుకొనెను. మానీ పక్షము గెలిచినది. తాను వాదింపలేదు గనుక వచ్చిన చెక్కును లింకను త్రిప్పిపంపెను. అది మరల రాగా స్వీకరించెను. 1862లో దేశము యుద్ధాగ్నిలో నున్నపుడు యుద్ధమంత్రి పదవికి అధ్యక్షుడు లింకను ఎన్నుకొనినది ఈ స్టాంటనునే!

సిన్సినాటిలో నేర్చినది రెండు సంవత్సరములకే అక్కరకు వచ్చెను. మిస్సిసిపీ నదిపై మొట్టమొదటి రైలువంతెన రాక్ ఐలండు, డావెన్‌పోర్టు పట్టణములనడుమ 1856 ఏప్రిలులో పూర్తియయ్యెను. మే 6వ తేదీన ఎఫీ ఆఫ్టను అను పొగయోడ వంతెన స్తంభమునకు కొట్టుకొని తగులబడెను. వంతెన భాగమును దహనమయ్యెను. ఓడ యజమానులు వంతెన కంపెనీపై దావా వేసిరి. ఓడల వెనుక సెంట్ లూయీ వర్తకులు, వంతెన వెనుక చికాగో వర్తకులు నిలిచిరి. దేశపు వర్తకము ఉత్తరదక్షిణములుగా నదిపై నడచునా, తూర్పుపడమరలుగా రైలుపై నడచునా యనునదే లోపలి ప్రశ్న.

లింకను వంతెనవద్దకు పోయి ప్రవాహపు వేగమును, స్తంభముల వాలును పరిశీలించి వచ్చెను. 1857 సెప్టెంబరులో చికాగోలో విచారణ జరిగినది. ఓడవారిని ఆయన దూషింపలేదు. నదివెంట పోవువానికెంత హక్కు కలదో నదిని దాటువానికిని అంత హక్కు కలదనెను. సుమారు ఒక సంవత్సరకాలమున వంతెనపై 12,586 సరుకు పెట్టెలును 74,179 మంది ప్రయాణికులును దాటిరని లెక్క చూపెను. మొదటి 17 దినములలో 20 ప్రమాదములు జరుగగా తరువాత నవి తగ్గుచు వచ్చినవి గనుక, సరంగులు జాగ్రత్త నేర్చినకొలది అపాయము తొలగుచున్నదని వాదించెను. ఓడ కుడిచక్రము ఆనాడు పనిచేయలేదని సాక్ష్యమునుండియే బయల్పరచెను. జూరీవారిలో ఏకాభిప్రాయము కుదరక వ్యాజ్యము తేలకయే ముగిసినది. వంతెన మాత్రము నిలిచినది. కొలది సంవత్సరములకు మరియొక వ్యాజ్యమున అమెరికా సుప్రీంకోర్టును దాని జోలికి పోరాదనెను.

1860 వసంతమున చికాగోలో నడచిన మరియొక పెద్ద వ్యాజ్యము మిషిగను సరస్సు ఒడ్డున క్రొత్తగా మేట వేసిన ఇసుకనేల గురించినది. గోదావరీ కృష్ణానదుల లంకభూముల తగాదాల నెరిగిన మనకు దీని స్వభావము వేఱుగ చెప్ప నక్కరలేదు: నీరు విడిచిన నేల ఎవరిది? అంతకుముందే పలుమారులు విచారణ జరిగిన ఆ వ్యాజ్యమున లింకను ప్రతివాదుల పక్షమున నిలిచి ఏప్రిలులో గెలిచెను. మరుసటి నెలలోనే అదే నగరమున రిపబ్లికను పక్షము ఆయనను అధ్యక్షపదవికి అభ్యర్థిగా నెన్నుకొనెను.

ఇన్ని వ్యాజ్యములలోను కనబడు పద్ధతి యొక్కటే. యంత్రమైన, నదియైన, ఇసుకయైన, వస్తువును ముందు కన్నులార చూచుట. ఎదిరిపక్షము చెప్పినదానిలో అంగీకరింపదగినదంతయు అంగీకరించుట. మిగిలిన ఒకే యంశముపై నిలిచి పోరాడుట. లింకను ఒక్కొక్కటిగా వదలుకొనుచుండగా చూచి, ఆయన చేతకానివాడని మురిసిన ప్రతివకీలు తుదకు గోతిలో పడి కన్నులు తెరచుచుండెనని ఆయన సహాధ్వగుడు లెనర్డు స్వెట్టు చెప్పెను.

ఇంతటి గట్టి వకీలు, యువన్యాయవాదులకొరకు వ్రాసికొన్న ఉపన్యాసపు చిత్తులో చెప్పిన హిత మేమి? వ్యాజ్యములను ప్రోత్సహింపకుడు, ఇరుగుపొరుగువారిని రాజీపరచుడు, గెలిచినవాడును ఫీజులవలనను కాలహరణమువలనను ఓడినవానితో సమానుడగుట చూపుడు. నిజాయితీతో వకీలుగా నుండ సాధ్యము కాదని తోచినచో, వకీలుగా గాక నిజాయితీపరుడుగా నుండుడు.

1861 ఫిబ్రవరిలో స్ప్రింగుఫీల్డు విడిచి పోవుముందు లింకను తన కార్యాలయమునకు వచ్చి, తలుపువద్ద వ్రేలాడుచున్న "లింకను, హెర్న్‌డను" అను పలకను తీయవలదని, బ్రదికియున్నచో తిరిగివచ్చి మునుపటివలెనే వకీలుపని చేసికొందమని భాగస్వామితో చెప్పెనట. ఆయన తిరిగి రాలేదు. కాని దేశమును చీల్చిన ఆ మహావ్యాజ్యమునను, దేని నొప్పుకొనవచ్చునో, దేనిని ప్రాణముపోయినను విడువరాదో విడదీసి చూచు చూపు, ఇరువదినాలుగేండ్లు ఇల్లినాయి బాటలలో గుఱ్ఱముపై తిరిగి సంపాదించుకొన్నదే.