ఛత్తీస్‌గఢ్‌లో తెలుగువారు : వచ్చిన దారులు

వలసవచ్చిన జనమెల్ల ఒక్క తీరుగ నుందురని తలంచుట పొరపాటు. ఎవరు ఏ దారిని, ఏ పనికై వచ్చిరో దానినిబట్టి వారి బ్రదుకును, భాషయు రూపొందుచుండును. మనము నివసించుచున్న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమే యిందులకు నిదర్శనము.

దక్షిణమున బస్తరు సీమ గలదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట కాకతీయ వంశీయుడగు అన్నమదేవుడు అచ్చట రాజ్యము స్థాపించెనని ఆ రాజవంశపు ఐతిహ్యము. కోంట, భోపాలపట్నము ప్రాంతములలో తెలుగు నేటికిని ఇండ్లలోను, సంతలలోను వినబడుచున్నది. అచ్చటివారు పెక్కురు వలసవచ్చినవారు కారు. రాష్ట్రముల సరిహద్దు గీతయే వారి నడుమగా పోయినది.

రాయపూరు, బిలాసపూరుల సంగతి వేరు. 1887లో ఏర్పడిన బెంగాల్-నాగపూర్ రైల్వే మనవారిని పట్టాల వెంట నడిపించినది. పార్వతీపురము-రాయపూరు మార్గము 1931లో పూర్తికాగా, ఉత్తరాంధ్ర పల్లెలకు ఈ సీమ చేరువయ్యెను. రైల్వే క్వార్టర్లలో గుంపుగ నుండుటచే వీరు తమ మాటను, పండుగను నిలుపుకొనగల్గిరి.

భిలాయి మరియొక తీరు. 1955లో సోవియట్ దేశముతో ఒడంబడిక కుదిరి, 1959లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారిచే మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైనది. దేశపు నలుదిక్కులవారును అచ్చట ఇరుగుపొరుగులైరి. పెద్దలు ఇంట తెలుగు మాటాడినను, పిల్లలకు ఆటల భాష హిందీయే అయ్యెను.

ఇక రాయపూరు అంచుననున్న ఉర్లా. ఇది ఇనుము, ఉక్కు మిల్లులుగల పారిశ్రామికవాడ. ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్ కార్మికుల నడుమ అక్కడక్కడ మన పలుకును వినబడును. వీరికి బస్తరువారివలె సొంత నేల లేదు; రైల్వేవారివలె కాలనీ లేదు. అద్దె గదిలో కాపురము, షిఫ్టుల పని. ఈ ఇండ్ల పిల్లలు తెలుగు మాటాడుదురు గాని, ఊరినుండి తాత వ్రాసిన నాలుగు ముక్కలు చదువలేరు.

కేంద్రప్రభుత్వోద్యోగులమగు మనది వేరొక దారి. బదిలీ ఉత్తరువుతో వచ్చి, బదిలీ ఉత్తరువుతో పోవువారము. మన పిల్లలకు తెలుగు రాకున్నను, మరల ఆంధ్రదేశమునకు పోయినపుడు నేర్చుకొను అవకాశము గలదు. ఉర్లా పిల్లలలో అనేకులకు ఆ అవకాశము లేదు. కావున వారిని ఉగాది సభకు ప్రేక్షకులుగ పిలిచినంతనే మన విధి తీరదు. ఆదివారమున ఒక గంట, ఒక పలక, యాబదియారక్షరములు: ఇంతమాత్రము ఉర్లాకు తీసికొనిపోగలిగినచో, మనము బదిలీయై పోయిన పిదపగూడ ఈ సంఘము ఇచ్చట నిలిచియుండును.