చిత్తూరు సీమ కథకులు, చిత్రోత్సవాల గడప

తంబళ్లపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో సినిమా కంటే ముందు ఊరంతటినీ ఒక్కచోట కూర్చోబెట్టిన కథ భారతం. ద్రౌపదీ ధర్మరాజుల గుడి దగ్గర పగలు హరికథ, రాత్రి వీధినాటకం రోజుల తరబడి సాగుతాయి. తపస్సు మాను ఎక్కే అర్జునుణ్ణి, మట్టితో పోసిన దుర్యోధనుడి భారీ బొమ్మను చూడటానికి పల్లెలు కదిలి వస్తాయి. ఆట తేలిపోతే ఆ రాత్రే తెలిసిపోతుంది, మర్నాటికి సరిదిద్దుకోవచ్చు.

స్వతంత్రంగా సినిమా తీసేవాడికి ఈ వీలు లేదు. అతని తొలి ప్రేక్షకులు చిత్రోత్సవాల ఎంపిక సంఘం సభ్యులు. ప్రవేశ రుసుము కట్టి పంపిన చిత్రానికి నెలల తరువాత ‘ఎంపిక కాలేదు’ అని ఒక ముక్క వస్తుంది. కారణం సాధారణంగా ఉండదు. తొలి ప్రదర్శన తమ దగ్గరే జరగాలని పెద్ద ఉత్సవాలు చాలావరకు షరతు పెడతాయి కాబట్టి, ఒకచోటి జవాబు కోసం ఎదురుచూస్తుంటే మరోచోట గడువు దాటిపోతుంది.

1952లో బొంబాయిలో జరిగిన భారత తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ‘పాతాళభైరవి’కి చోటు దక్కింది. అది విజయా సంస్థ తీసిన స్టూడియో చిత్రం. 1978లో ఆ ఉత్సవంలో భారతీయ చిత్రాల విభాగంగా ఇండియన్ పనోరమా మొదలయ్యాక దేశంలోని భాషలన్నీ ఏటా ఇరవై పైచిలుకు కథాచిత్రాల చోటు కోసం పోటీ పడవలసి వచ్చింది. ఆ లెక్కలో, ఎంత శ్రద్ధగా తీసినా, ఎక్కువ చిత్రాలు బయటే ఉండిపోతాయి. తిరస్కారమంతా చిత్రం లోపమే అనుకోవడం అన్యాయం.

తెలుగులో స్వతంత్ర చిత్రాన్ని నిలబెట్టిన దారి ప్రేక్షకుల వైపు నుంచే వచ్చింది. తెలంగాణ రైతాంగ పోరాటంపై గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మించిన ‘మా భూమి’ 1980లో విడుదలై, హైదరాబాదులో మార్నింగ్ షోలతోనే ఏడాదిపాటు ఆడింది. నిర్మాతగా మొదలైన నర్సింగరావు ఆ తరువాత ‘రంగుల కల’ తీసి, ‘దాసి’కి వచ్చేసరికి కథనాన్ని ఒక దొర గడీకి, ఒక స్త్రీ మౌనానికి కుదించారు. ఉద్యమ విస్తృతి నుంచి ఒక్క మనిషి ముఖం దాకా సాగిన ఆ ప్రయాణం తెలుగు సినిమా కథనంలో అరుదైన ఎదుగుదల. ‘దాసి’కి 1988 సంవత్సరానికి ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి.

తరువాతి తరం సొంత జీతం పెట్టుబడిగా పెట్టింది. అట్లాంటాలో ఇంజనీరుగా పనిచేసిన నగేశ్ కుకునూర్ దాచుకున్న డబ్బుతో, సుమారు 17 లక్షల ఖర్చుతో, 17 రోజుల్లో ‘హైదరాబాద్ బ్లూస్’ తీశారు. చిత్తూరు సీమ నుంచి అదే దారి పట్టినవారు తిరుపతికి చెందిన రాజ్ నిడిమోరు, చిత్తూరుకు చెందిన కృష్ణ డి.కె. ఇద్దరూ శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ సహాధ్యాయులు. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తూ, సినిమా బడిలో చదవకుండా, చిన్న చిత్రాలతో పని నేర్చుకున్నారు. ప్రవాసుల జీవితంపై ఇంగ్లీషులో ‘ఫ్లేవర్స్’ తీసింది 2003లో. హిందీలో ‘99’ వచ్చింది 2009లో. మధ్యలో ఆరేళ్లు. 2010లో ‘షోర్ ఇన్ ద సిటీ’ బుసాన్ చిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. ఆ ఉత్సవం గడప దాటడానికి తొలి చిత్రం నుంచి ఏడేళ్లు పట్టిందన్నమాట.

వారు కొత్తవారి కోసం పెట్టిన డి2ఆర్ ఇండీ తొలి చిత్రం ‘సినిమా బండి’ ఈ సీమ పొలిమేరకే వచ్చింది. దర్శకుడు ప్రవీణ్ కండ్రేగుల, రచయిత వసంత్ మరింగంటి. చిత్రీకరణ సరిహద్దుకు అవతల కర్ణాటకలోని ముళబాగిలు పరిసరాల్లో జరిగింది. తెలుగు, కన్నడ కలగలిసే ఆ యాసను తీర్చిదిద్దకుండా అలాగే ఉంచారు. కథలో, తనకు దొరికిన కెమెరాతో ఆటోడ్రైవర్ వీరబాబు, పెళ్లిళ్ల ఫొటోలు తీసే గణపతి ఊరివాళ్లతో సినిమా మొదలుపెడతారు. నాయిక మధ్యలో వెళ్లిపోతే కూరగాయలమ్మే అమ్మాయిని తెచ్చి నిలబెడతారు, పని ఆపరు. కోవిడ్ రెండో ఉద్ధృతిలో, 2021 మే 14న, థియేటర్ అవసరం లేకుండా నెట్‌ఫ్లిక్స్ ద్వారా ఆ యాస ప్రపంచమంతా వినిపించింది.