బీరుసీసా పూర్వోత్తరాలు

ఇప్పచెట్టు పూలు రాల్చేది రాత్రివేళ. ఫాల్గుణ, చైత్ర మాసాలలో జైనూరు, ఉట్నూరు ప్రాంతపు గోండు, కోలాము గూడేలలో స్త్రీలు, పిల్లలు తెల్లవారకమునుపే బుట్టలతో చెట్లకిందికి చేరుతారు. ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే. నీటిలో నానవేస్తే కొద్దిరోజులలో పులుస్తుంది. పులిసినదానిని కుండలో కాచి, ఆవిరిని చల్లార్చి పట్టినదే ఇప్పసారా. దేవతలకు ధార పోయడానికి, పెళ్లికి, చావుకు అది కావలసినదే. వెనుక దానిని కుండలలోను, ఎండిన సొరకాయ బుర్రలలోను దాచేవారు. ఇప్పుడు ఆ చోటు ఖాళీసీసాకు దక్కినది. తెలంగాణ పట్టణాలలో కల్లు దుకాణానికి పోయినా అంతే. తాటికల్లు గాని, ఈతకల్లు గాని మన ముందుకు వచ్చేది సాధారణంగా 650 మిల్లీలీటర్ల పాత బీరుసీసాలోనే.

వేరొక దేశంలో, వేరొక పానీయం కొరకు తయారైన ఈ పాత్ర మన ఇళ్లలో ఏ పనికి తగును, ఏ పనికి తగదు అన్నది తెలియాలంటే దాని పుట్టుక కొంత తెలియాలి.

బీరు సీసాలో ఊరక కూర్చునే ద్రవం కాదు. దానిలో ఈస్టు అనే సూక్ష్మజీవి మిగిలి ఉంటే చక్కెరను తింటూ బొగ్గుపులుసు వాయువును విడుస్తూనే ఉంటుంది. పూర్వకాలపు పలుచని గాజు ఆ ఒత్తిడికి నిలిచేది కాదు. ఇంగ్లండులో 1615లో మొదటి జేమ్సు రాజు గాజు కొలుములలో కట్టెలు కాల్చరాదని ఉత్తరువు చేసినాడు. ఓడలకు కలప కావలసి వచ్చినది. గాజుపనివారు రాక్షసిబొగ్గుకు మారినారు. బొగ్గు కొలిమి వేడి ఎక్కువ. దళసరిగా, నల్లగా, గట్టిగా ఉండే సీసాలు అక్కడనుండి వచ్చినవి. ఓడల కొరకు చేసిన శాసనం సారాయి వర్తకులకు సీసా ఇచ్చినదన్నమాట! నోవెల్ అనే మతాచార్యుడు చేపలు పట్టబోయి ఏటిగట్టున మరచిన బీరుసీసా కొన్నాళ్లకు దొరికితే, బిరడా తీయగానే తుపాకివలె పేలినదని ఫుల్లర్ అనే రచయిత 1662లో అచ్చయిన గ్రంథంలో చెప్పినాడు. కథ కల్పన కావచ్చు. ఆ చప్పుడు మాత్రం ఎవరికైనా అనుభవంలోకి రాగలదే.

మిగిలిన మార్పులు పందొమ్మిదవ శతాబ్దం చివర వరుసగా వచ్చినవి. బీరు ఎందుకు చెడుతుందో పాశ్చరు 1876లో ప్రకటించిన గ్రంథంలో వివరించినాడు. వెలుతురు తగిలితే బీరు కంపుకొట్టునని లింట్నరు 1875లోనే గమనించినాడు. చేదుకొరకు వేసే హాప్సు పూల సారం వెలుతురుకు విరిగి గంధకం గల దుర్వాసన ద్రవ్యంగా మారుతుంది. గోధుమరంగు గాజు ఆ కిరణాలను చాలవరకు అడ్డుకుంటుంది. 1892లో అమెరికాలోని బాల్టిమోరులో విలియం పెయింటరు అంచు మడతలు పడిన రేకుమూతను కనిపెట్టినాడు. తరువాత పదేళ్లకు ఓవెన్సు యంత్రం సీసాలు పోయడం మొదలుపెట్టినది. నా దృష్టిలో అన్నిటికంటె పెద్ద మార్పు ఇదే. నోటితో ఊది చేసిన నాడు సీసా మెడలన్నీ ఒక తీరుగా ఉండేవి కావు. యంత్రం వచ్చిన పిదప ఏ కంపెనీ మూతయినా ఏ కంపెనీ సీసాకైనా సరిపోసాగినది. ఖాళీసీసాకు రెండవ జన్మ దొరికినది అప్పుడే.

ఇక మన ద్రవాల సంగతి చూతము. లీటరు బీరులో సుమారు రెండున్నర లీటర్ల బొగ్గుపులుసు వాయువు కరిగి ఉంటుంది. ఇరవై డిగ్రీల వేడిమిలో సీసాలోని ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి దాదాపు మూడింతలు. ఇంట బీరు కాచుకోవడం బ్రిటనులో 1963నుండి పన్ను, లైసెన్సు లేకుండా చెల్లుతున్నది. అమెరికాలో 1978లో ఫెడరల్ చట్టం అనుమతించినది. అక్కడివారు కంపెనీ సీసాలనే కూడబెట్టి కడుక్కొని వాడుతారు. అయితే పులియడం పూర్తిగా ఆగిన పిదపనే నింపుతారు. అప్పుడు మన 650 మిల్లీలీటర్ల సీసా అంతటికి నాలుగు గ్రాముల చక్కెర కలిపితే చాలు, కావలసిన నురుగు వస్తుంది.

కల్లు లెక్క వేరు. చెట్టునుండి దిగిన తీపినీటిలో నూటికి పది పాళ్లు చక్కెర ఉన్నదనుకొంటే, సీసాలో పట్టేది 65 గ్రాములు. అదంతా పులిస్తే దాదాపు 17 లీటర్ల వాయువు! సగం ముందే పులిసిపోయినదనుకున్నా ఎనిమిది లీటర్లు మిగులును. అది బీరులో ఉండేదానికి ఐదు రెట్లు. మూత బిగిస్తే సీసా తుపాకి కాదు, బాంబే. కల్లు సీసా మూతి వదులుగా ఉండడం అశ్రద్ధ కాదు, అవసరం.

ఇప్పసారాకు ఈ భయమే లేదు. ఈస్టు కుండలోనే చచ్చినది. సీసాలోకి వచ్చినది ఆవిరినుండి దిగినదే. ఒత్తిడి లేదు గనుక దళసరి గాజు అక్కరలేదు. హాప్సు లేవు గనుక గోధుమరంగూ అక్కరలేదు. కావలసినది శుభ్రత ఒక్కటే. అదే దొరకనిది. కంపెనీలో సీసాను వేడి కాస్టిక్ సోడా నీటితో కడిగి, పరీక్షించి నింపుతారు. ఇంట ఇసుక పోసి ఆడిస్తారు. ఇసుక గీసిన గీతలనుండే గాజు పగులు మొదలుపెడుతుంది. ఆదిలాబాదు పత్తిచేలలో పురుగుమందు పోసి ఉంచిన సీసాకూ, సారాసీసాకూ పోలిక ఒకటేనన్నది అన్నిటికంటె భయంకరం. చేలమందు పోసిన సీసా మరల నోటికి రాగూడదు, ఎంత కడిగినా సరే.

జైనూరు మండలంలోని మార్లవాయిలో 1940 దశకంలో హైమెన్‌డార్ఫ్ దంపతులు నివసించి గోండుల జీవితాన్ని పరిశీలించినారు. అప్పటికే నిజాం రాజ్యంలో 1316 ఫసలీనాటి ఆబ్కారీ చట్టం అమలులో ఉన్నది. లైసెన్సు లేని సారాబట్టీ నేరం. బొంబాయి ప్రభుత్వమైతే 1892లో ఇప్పపూవు మీదనే శాసనం తెచ్చినది. ఆ పూవునే 1920లో బెంగుళూరు విజ్ఞానశాస్త్ర సంస్థలో ఫౌలరు, ఆయన సహచరులు శ్రద్ధగా పరిశోధించినారు. గూడెంలో నేరమైనది ప్రయోగశాలలో శాస్త్రమైనది! 1968నాటి ఎక్సైజు చట్టం కూడ లైసెన్సు లేని తయారీని శిక్షిస్తుంది. 1996నాటి పెసా చట్టం మాత్రం షెడ్యూలు ప్రాంతాలలో మత్తుపదార్థాల అమ్మకం, వాడకం నియంత్రించే అధికారం గ్రామసభలకు ఉండాలన్నది. ఉట్నూరులో నేడు గిరిజన స్త్రీలు ఇప్పపూవుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. వాటికి సీసా అక్కరలేదు.

ఖాళీసీసా ఎంత విలువైనదో పెద్ద కంపెనీలకు బాగా తెలుసు. పాత సామానువారు ఏరి తెచ్చిన సీసాలు తిరిగి బీరు కర్మాగారాలకే పోతాయి. బీరు ధరలలో కుమ్మక్కైనందుకు 2021 సెప్టెంబరులో భారత పోటీ కమిషన్ కంపెనీలపై మొత్తం 873 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసినది. రెండు కంపెనీలు పాతసీసాల కొనుగోలులో కూడ ఒకరితో ఒకరు సమన్వయం చేసుకున్నవని ఆ ఉత్తరువులోనే ఉన్నది.