నూలు నుంచి మైక్రాను దాకా: రాయలసీమలో లేతు పని

రాయలసీమ వడ్రంగి, కమ్మరి అంగుళాన్ని ఎనిమిది నూళ్లుగా లెక్కపెడతారు. ఒక నూలు 3.175 మిల్లీమీటర్లు. ఇవాళ్టి ప్రిసిషన్ మెషినింగ్ లెక్క మైక్రాన్లలో సాగుతుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను కాబట్టి, ఒక నూలులో 3,175 మైక్రాన్లు పడతాయి. పాత పనిలో బోల్టు తన నట్టులో ఇమిడితే చాలు. కొత్త పనిలో మాత్రం ఆ కొలతకు చేసిన ఏ బోల్టయినా ఆ కొలతకు చేసిన ఏ నట్టులోనైనా ఎక్కాలి. ఈ ఒక్క షరతు చుట్టూనే లోహం కోసి బతికేవాళ్ల ఉద్యోగాలూ వ్యాపారాలూ రూపుదిద్దుకున్నాయి.

తిరిగే చెక్కను ఉలితో నునుపు చేయడాన్ని తెలుగులో తరిమెన పట్టడం అంటారు. ఏటికొప్పాక లక్క బొమ్మలు ఈ పనితోనే తయారవుతాయి. చెక్కకు చేతి పట్టు సరిపోయింది గానీ ఇనుముకు సరిపోలేదు. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే మర కోసే లేతును ఒక దారికి తెచ్చాడు. అందులో ఉలిని మనిషి పట్టుకోడు, యంత్రమే పట్టుకుని జరుపుతుంది. ఆయన దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరల కొలతలకు ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. ఈ వృత్తిలో గురువు షాపులో పని నేర్చి సొంత షాపు పెట్టడం అప్పటికే ఆనవాయితీ. విట్‌వర్త్ కూడా అలా వచ్చినవాడే.

సీమకు లేతు రైలు దారిన వచ్చింది. కడప దగ్గరి ఒంటిమిట్ట మీదుగా పోయే మద్రాసు లైను 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. ఒంటిమిట్టకు దగ్గర్లో, చెయ్యేటి ఒడ్డున ఉన్న నందలూరులో ఆవిరి ఇంజన్లకు లోకో షెడ్డు ఉండేది. ఆవిరి ఇంజను అరుగుదల తప్పని యంత్రం. బుష్షులు, పిన్నులు, పిస్టను రింగులు మాటిమాటికీ మార్చాలి. ఆ పనికి ఫిట్టర్లు, టర్నర్లు, బాయిలర్ పనివాళ్లు కావాలి. కొలతతో పని, గంట కొడితే పని, నెల తిరిగితే జీతం అనే పద్ధతి ఈ ప్రాంతపు కుర్రవాళ్లకు షెడ్డులోనే అలవాటయింది. డీజిలు ఇంజన్లు వచ్చాక షెడ్డు మూతపడింది. తర్వాత హైదరాబాద్ ఆల్విన్ ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీ నందలూరుకు వచ్చింది గానీ, వోల్టాస్ చేతికి వెళ్లిన తర్వాత అదీ నిలవలేదు. ఒకే ఊరు రెండుసార్లు పనివాళ్లను తయారు చేసి, రెండుసార్లూ వాళ్లను బయటికి పంపింది.

షెడ్డు బయట లేతుకు తిండి పెట్టింది వేరుశనగ, పత్తి, బోరుబావి. ఆదోని జిన్నింగ్ మిల్లులు, నూనె మిల్లుల ఎక్స్‌పెల్లర్లు, ఆయిల్ ఇంజన్లు, ఆ తర్వాత మంగంపేట ముగ్గురాయి పిండి మిల్లులు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల కడప రాయి కోత యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు, అన్నీ అరుగుదల సరుకే. ముగ్గురాయి పొడి బేరింగులోకి దూరితే ఎలాంటి బుష్షయినా తొందరగా అరుగుతుంది. కడప, ప్రొద్దుటూరు, రాజంపేట రోడ్ల పక్కన ‘లేత్ వర్క్స్, వెల్డింగ్ షాప్’ బోర్డులు ఇంత దట్టంగా ఉండడానికి కారణం అదే.

ఆ షాపులో పని ఎలా సాగుతుందో చూస్తే తేడా తెలుస్తుంది. రైతు బోరు మోటారు షాఫ్టు తెచ్చి బెంచీ మీద పెట్టి అక్కడే కూర్చుంటాడు. రాత్రి కరెంటు వచ్చేసరికి మోటారు బావిలో దిగాలి. టర్నరు అరిగిన చోట వెల్డింగుతో మెత్తి, షాఫ్టును నాలుగు దవడల చక్కులో బిగించి, డయల్ గేజి ముల్లు కదలకుండా నిలిచేదాకా ఒక్కో దవడా వదులుతూ బిగిస్తూ సెంటరు తెస్తాడు. లోహపు చిప్పు నీలంగా చుట్టుకుంటే వేడెక్కిందని, టూలు కీచుమంటే పదును పోయిందని గ్రహిస్తాడు. చివర్లో కొత్త బుష్షును చేత్తో తోసి చూస్తాడు. బిగుతుగా జారితే పని అయినట్టే. ఇక్కడ డ్రాయింగు ఉండదు, పాత ముక్కే డ్రాయింగు. ఈ పనిలో నేర్పు తక్కువని ఎవరూ అనలేరు. కానీ ఆ షాఫ్టు ఆ ఒక్క మోటారుకే పనికొస్తుంది. అలాంటివే ఐదు వందలు, నెల రోజుల్లో, ఒకదానికొకటి మారినా తేడా రాకుండా కావాలని ఎవరైనా అడిగితే షాపు మొత్తం వేరేగా ఉండాలి.

ఆ మలుపు తిరిగినవాళ్లలో తొలి తెలుగువాళ్లు కోయంబత్తూరులో కనిపిస్తారు. అక్కడి తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు పత్తి మిల్లులు పెట్టి, మిల్లు యంత్రాల రిపేర్ల నుంచి యంత్రాల తయారీకి వెళ్లాయి. జి.డి. నాయుడు (1893–1974) బస్సులు నడిపి, వాటికి వర్క్‌షాపు పెట్టి, డి. బాలసుందరం నాయుడుతో కలిసి 1937లో దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారును తెచ్చాడు. ఇంజనీరింగుకు నాలుగేళ్లు దండగ అనీ, పని తక్కువ కాలంలోనే నేర్పవచ్చనీ వాదించేవాడు. బాలసుందరం పెట్టిన టెక్స్‌టూల్, 1962లో మొదలైన లక్ష్మీ మెషిన్ వర్క్స్ ఆ ఊరికి టూల్‌రూము సంస్కృతిని ఇచ్చాయి. సీమ బోర్లలో దిగిన పంపుల్లో చాలా భాగం కోయంబత్తూరువే. పంపు అక్కడ తయారై, ఇక్కడ రిపేరుకు వస్తుంది. లాభం ఎటు ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఆ స్థానం హైదరాబాద్‌ది. 1943లో సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ మొదలైంది. చెకోస్లొవేకియా రాజధాని పేరు పెట్టుకున్న ఈ కంపెనీ డ్రిల్ చక్కులు దేశమంతా తిరిగాయి. 1960లలో హెచ్‌ఎంటీ, బీహెచ్‌ఈఎల్, 1967లో ఈసీఐఎల్, 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, 1973లో మిధాని వచ్చాయి. క్షిపణుల పరిశోధన సంస్థ డీఆర్‌డీఎల్ కూడా ఇక్కడే స్థిరపడింది. ఈ ప్రభుత్వ సంస్థల గేట్ల బయట బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, కూకట్‌పల్లి షెడ్లు పుట్టాయి. 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో బాలానగర్‌లో కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టింది. డై, మోల్డు, జిగ్, ఫిక్చరు గీయడం, కోయడం రెండూ ఒకే కప్పు కింద నేర్పిన బడి అది. అక్కడ చదివినవాళ్లు ఆ చుట్టుపక్కల షెడ్లలోనే ఉద్యోగాలు, ఆపైన సొంత షెడ్లు వెతుక్కున్నారు.

బాలానగర్ కంపెనీ ఎంటార్ కథ ఈ కాలానికి మంచి ఉదాహరణ. 1970లో పి. రవీంద్రారెడ్డి, కె. సత్యనారాయణరెడ్డి, పి. జయప్రకాశ్‌రెడ్డి దాన్ని మొదలుపెట్టారు. యంత్రాల ఉపకరణాలు, పాత యంత్రాల మరమ్మతు అనే అర్థం ఆ పేరులోనే ఉంది. అంటే ఇదీ రిపేరు షాపుగా పుట్టిందే. అణు రియాక్టర్ల భాగాలు, ఇస్రో వికాస్ ఇంజన్ల దాకా ఎదిగి, 2021 మార్చిలో షేరు మార్కెట్‌కు వచ్చినప్పుడు సుమారు 200 రెట్లు దరఖాస్తులు పడ్డాయి. రిపేరు నుంచి తయారీకి ఎక్కడానికి బాలానగర్‌కు దొరికి కడపకు దొరకనిది ఒక్కటే: డ్రాయింగు పంపి, ముక్కను కొలిచి తీసుకునే పెద్ద కొనుగోలుదారు.

అందుకే సీమ యువకుడి ఉద్యోగ మార్గం చాలాకాలం ఊరు దాటే మార్గంగానే ఉంది. 1950లో మొదలైన కేంద్ర శిక్షణ పథకం కింద ఐటీఐలు టర్నర్, మెషినిస్ట్, ఫిట్టర్ ట్రేడ్లను నేర్పుతున్నాయి. పదో తరగతి తర్వాత ఒక్కొక్కటీ రెండేళ్లు. 1961 అప్రెంటిస్ చట్టం ఫ్యాక్టరీలో స్టైపెండుతో నేర్చుకునే వీలిచ్చింది. ఒంటిమిట్ట, రాజంపేట కుర్రవాడికి రైలెక్కితే మద్రాసు వైపు అంబత్తూరు, శ్రీపెరుంబుదూరు, బస్సెక్కితే బెంగళూరు పీన్యా. 1985లో తిరుపతి దగ్గర అమరరాజా, 2008లో శ్రీసిటీ, 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యాకే దూరం కొంత తగ్గింది.

కంప్యూటరు ఆదేశాలతో కోసే సీఎన్‌సీ యంత్రం ఈ ట్రేడు మెట్లనే మార్చింది. 1952లో అమెరికాలోని ఎంఐటీ తొలి సంఖ్యా నియంత్రణ యంత్రాన్ని చూపింది. మన షెడ్లకు ఆ పద్ధతి 1980, 90లలో చేరింది. పాత లేతులో నైపుణ్యం చేతిలో ఉండేది. సీఎన్‌సీలో అది ముందు ఆలోచనలో ఉండాలి: ఏ ముఖం మొదట కోయాలి, ముక్కను ఎక్కడ పట్టాలి, టూలు అరుగుదలకు ఆఫ్‌సెట్ ఎంత ఇవ్వాలి. బటన్ నొక్కే ఆపరేటరు, సెట్టరు, ప్రోగ్రామరు, క్వాలిటీ ఇన్‌స్పెక్టరు అని నాలుగు మెట్లు ఏర్పడ్డాయి. మొదటి మెట్టు మీదే ఏళ్లు గడిపేవాళ్లు ఎక్కువ. డ్రాయింగు చదవడం, మైక్రోమీటరు పట్టడం వచ్చినవాళ్లు త్వరగా పైకెక్కుతారు. మాన్యువల్ లేతు మీద రెండేళ్లు చేసి సీఎన్‌సీకి వెళ్లినవాడు నేరుగా వెళ్లినవాడి కన్నా మెరుగ్గా సెట్ చేస్తాడన్నది షాపుల్లో వినిపించే మాట. అది నిజమే, ఎందుకంటే అతనికి లోహం శబ్దం తెలుసు.

సొంత షాపు లెక్కలో జనం తప్పు చేసేది యంత్రం ధర దగ్గర కాదు. యంత్రానికి అప్పు దొరుకుతుంది. 2015లో వచ్చిన ముద్రా రుణాల పరిమితి 2024 బడ్జెట్‌లో, పాత అప్పు సక్రమంగా తీర్చినవాళ్లకు, 10 లక్షల నుంచి 20 లక్షలకు పెరిగింది. దెబ్బ తగిలేది రెండు చోట్ల. ఒకటి యంత్రం ఖాళీగా ఉన్న గంటలు. కిస్తీ మాత్రం ఖాళీగా ఉండదు. రెండోది బిల్లు రాని నెలలు. ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడిన జాబ్‌వర్క్ షెడ్డు అతను ఆర్డరు ఆపిన మర్నాడే ఆగుతుంది.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం కడప జిల్లా కొప్పర్తిలో 2,596 ఎకరాల్లో, కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 2,621 ఎకరాల్లో పారిశ్రామిక పార్కులకు ఆమోదం తెలిపింది. అక్కడికి వచ్చే పెద్ద ఫ్యాక్టరీలు విడిభాగాలు బయట నుంచి తెచ్చుకుంటాయా, పక్కనున్న లేతు షాపుకు డ్రాయింగు ఇస్తాయా అన్నది ఒక్కో షాపులో ఉన్న కొలత పనిముట్ల మీద కూడా ఆధారపడి ఉంటుంది. డ్రాయింగు అందుకున్న షాపు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం చిన్న యూనిట్‌కు కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఎంఎస్‌ఎంఈగా ఉద్యమ్ నమోదు ఉంటే ఆ రక్షణ అడగగలరు, ఆ నమోదుకు రుసుము లేదు.