మైదానంలో లస్కరు

కర్నూలు-కడప (కేసీ) కాలువ గట్టు మీద పెరిగినవాళ్లకు లస్కరు ఎవరో చెప్పనక్కర్లేదు. తూము దగ్గర షట్టరు లేపేదీ దించేదీ ఆయనే. పైనుంచి ఎంత నీరొస్తోంది, ఏ పిల్లకాలువకు ఎన్ని గంటలు వదిలాం, చివరి మడి ఎండుతోందా అని మూడూ ఒకేసారి చూసుకోవాలి. ఇటు గట్టు మీద నుంచి ఒకాయన "మాకెప్పుడు ఇడుస్తావన్నా?" అని కేకేస్తుంటాడు. అటు గట్టు మీద ఇంకొకాయన పార భుజాన పెట్టుకుని మాట్లాడకుండా నిలబడి ఉంటాడు. పంట పండితే పేరు రైతుకు, కాలువ కట్టినందుకు పేరు ఇంజనీరుకు. లస్కరు పేరు ఏ శిలాఫలకం మీదా ఉండదు.

ఫుట్‌బాల్ మైదానంలో మిడ్‌ఫీల్డర్‌ది అచ్చం ఈ ఉద్యోగమే. వెనకవాళ్ల దగ్గర బంతి తీసుకోవాలి, ఎటు వదలాలో చూసి వదలాలి, ఎదుటి జట్టు ఎక్కడ గండి కొడుతుందో ముందే పసిగట్టాలి. గోల్ కొట్టినవాళ్ల ఫొటో పేపర్లో వస్తుంది. ఆ బంతి ఎవరి కాలి నుంచి మొదలైందో చాలామంది గమనించరు.

ఈ స్థానం ఆటతోపాటు పుట్టలేదు. కేసీ కాలువ తవ్వకం మొదలైన 1863లోనే లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడి ఆటకు నియమాలు రాసింది. ఆ నియమాల ప్రకారం బంతికి ముందు నిలబడ్డవాడు ఆటలో లేనట్టే. ముందుకు పాస్ ఇవ్వడానికి వీల్లేదు కాబట్టి బంతి దొరికినవాడు దాన్ని తన్నుకుంటూ పరుగెత్తడమే, మిగతావాళ్లు వెంటపడటమే. 1866లో ఆఫ్‌సైడ్ అనే ఆ నియమాన్ని సడలించారు. ఎదుటి జట్టువాళ్లు ముగ్గురు ముందుంటే చాలు, ముందుకు పాస్ ఇవ్వొచ్చన్నారు. అయినా పాత అలవాటు వెంటనే పోలేదు. 1872లో గ్లాస్గోలో జరిగిన మొదటి అంతర్జాతీయ మ్యాచ్‌లో ఇంగ్లండ్ ఏడెనిమిది మందిని ముందుకు తోసింది. స్కాట్లండ్‌వాళ్లు మాత్రం ఒకరికొకరు అందించుకుంటూ ఆడారు. గోల్స్ లేకుండా డ్రా అయిన ఆ మ్యాచ్ ఆటకు ఒక దారి చూపింది. బంతి ఒకరి నుంచి ఒకరికి చేరాలంటే నడుమ మనిషి కావాలి. 1880ల నాటికి ఇద్దరు వెనక, ముగ్గురు నడుమ, అయిదుగురు ముందు అన్న అమరిక స్థిరపడింది. నడిమి ముగ్గురిని హాఫ్‌బ్యాక్‌లు అన్నారు.

1925లో ఆఫ్‌సైడ్ నియమం మళ్లీ మారింది. ముగ్గురి బదులు ఇద్దరు చాలన్నారు. గోల్స్ వరదలా వచ్చాయి. ఆర్సెనల్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ నడిమి హాఫ్‌బ్యాక్‌ను వెనక్కి దించి కట్ట వేశాడు. అప్పుడు నడుమ ఏర్పడిన ఖాళీలోకి ముందువాళ్లలో ఇద్దరిని లాగాడు. ఇవాళ మనం చూసే మిడ్‌ఫీల్డ్‌కు మూలం అదే. ఒక నియమంలో ఒక్క అంకె మారితే ఒక కొత్త వృత్తి తయారైంది.

ఆడవాళ్ల కథ ఇంకో దారిలో నడిచింది. 1895లోనే లండన్‌లో ఆడవాళ్ల జట్లు జనం ముందు ఆడాయి. మొదటి ప్రపంచయుద్ధంలో మగవాళ్లు సైన్యంలోకి పోతే, ప్రెస్టన్ ఊళ్లో ఫ్యాక్టరీ పనికి చేరిన అమ్మాయిలు డిక్, కెర్ లేడీస్ అనే జట్టు కట్టారు. 1920 డిసెంబర్‌లో లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో వాళ్ల ఆటకు 53,000 మంది వచ్చారు. ఏడాది తిరగకముందే, 1921 డిసెంబర్ 5న, ఫుట్‌బాల్ అసోసియేషన్ తన క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్లను ఆడనివ్వొద్దని తీర్మానించింది. ఈ ఆట ఆడవాళ్లకు పనికిరాదన్నది వాళ్లు చెప్పిన కారణం. ఆ నిషేధం 1971 దాకా నడిచింది.

ఆ యాభై ఏళ్లలో అన్నిటికంటే ఎక్కువ నష్టపోయింది మిడ్‌ఫీల్డేనని నా నమ్మకం. పరుగు కొందరికి పుట్టుకతో వస్తుంది. గోల్ ముందు చురుకుదనమూ అంతే. బంతి అందకముందే నాలుగువైపులా చూసి, ఎవరు ఎక్కడ ఖాళీగా ఉన్నారో తెలుసుకునే చూపు మాత్రం చిన్నప్పటి నుంచీ వందల మ్యాచ్‌లు ఆడితేనే అబ్బుతుంది. మైదానమే లేని పిల్లకు ఆ చూపు ఎక్కడి నుంచి వస్తుంది?

నిషేధపు కట్ట తెగాక నీరు మెల్లగా కదిలింది. ఆడవాళ్ల ప్రపంచకప్ మొదటిసారి 1991లో చైనాలో జరిగింది. క్రీడాకారిణులందరికీ జీతమిచ్చే లీగ్ 2001లో అమెరికాలో మొదలై మూడు సీజన్లకే మూతపడింది. మిడ్‌ఫీల్డర్ వృత్తి ఇవాళ ఎక్కడికి చేరిందో చూడండి. 2021 నుంచి 2025 దాకా వరసగా అయిదేళ్లు ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణికిచ్చే బాలన్ డోర్ బార్సెలోనా మిడ్‌ఫీల్డర్లకే దక్కింది. మొదటి రెండు అలెక్సియా పుతెయాస్‌కు, తర్వాత మూడు ఐతానా బొన్మతికి. లస్కరు పేరు శిలాఫలకం మీదికెక్కింది.

మన దేశంలో మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య 1975లో ఏర్పడింది. 1980లో కోళికోడ్‌లో జరిగిన ఆసియా పోటీల్లో మనవాళ్లు రన్నరప్. 1983లో మళ్లీ ఫైనల్‌కు చేరి థాయ్‌లాండ్ చేతిలో ఓడారు. అంత ఆడినా ఆటతో ఇల్లు గడిచేది కాదు. రైల్వేలోనో పోలీసు శాఖలోనో ఉద్యోగం వస్తే ఆడేవాళ్లు, రాకపోతే పెళ్లితో ఆట ముగిసేది. 2020లో స్కాట్లండ్‌లోని రేంజర్స్ క్లబ్బుతో ఒప్పందం చేసుకున్న మణిపూర్ అమ్మాయి బాలా దేవి కూడా పోలీసు ఉద్యోగే.

ఇండియన్ విమెన్స్ లీగ్ 2016-17లో మొదలైంది. తొలి టైటిల్ మణిపూర్‌కు చెందిన ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్‌ది. మొదట్లో అందరూ ఒక ఊళ్లో చేరి కొద్ది వారాలు ఆడి వెళ్లిపోయేవాళ్లు. సొంత ఊళ్లో ఒకటి, ఎదుటివాళ్ల ఊళ్లో ఒకటి ఆడే అసలైన లీగ్ 2023-24లో గానీ రాలేదు. క్లబ్బులు కనీసం పదిమంది భారతీయ క్రీడాకారిణులకు ఏటా 3.2 లక్షల రూపాయలకు తగ్గకుండా ఒప్పందం రాయాలని ఫుట్‌బాల్ సమాఖ్య 2023లో నిర్ణయించింది. నెలకు ఇరవై ఆరు వేలు దాటుతుంది. పెద్ద మొత్తమేమీ కాదు. అయినా ఒక తండ్రి "ఆడితే ఏమొస్తుంది?" అని అడిగితే చెప్పడానికి ఒక అంకె దొరికింది.

2025 జులై 5న చియాంగ్ మాయ్‌లో, మళ్లీ ఆ థాయ్‌లాండ్ మీదే, భారత్ 2-1తో గెలిచి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించింది. క్వాలిఫయర్స్ గెలిచి అక్కడికి చేరడం మన జట్టుకు అదే మొదలు. రెండు గోల్సూ కొట్టింది బెంగాల్‌లోని కల్యాణి ఊరి మిడ్‌ఫీల్డర్ సంగీతా బాస్‌ఫోర్.

ఆ జట్టులో ఒక తెలుగు పిల్ల ఉంది. గుగులోత్ సౌమ్యది నిజామాబాద్ జిల్లాలోని లంబాడీ తండా. ఆమె ఆడేది మైదానం అంచున, వింగ్‌లో. కోచ్ నాగరాజు దగ్గర ఆట నేర్చి, ముంబైలోని కెంక్రే క్లబ్బుకూ, అక్కడి నుంచి గోకులం కేరళకూ వెళ్లింది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌లో చేరింది. 2024-25లో ఈస్ట్ బెంగాల్‌కు లీగ్ టైటిల్ తెచ్చిన జట్టులో ఉంది, ఆ ఏడాది దేశపు ఉత్తమ క్రీడాకారిణి అవార్డు అందుకుంది. ఏ సౌకర్యాలూ లేని తండా నుంచి ఇంత దూరం పోవచ్చని చూపిన పిల్ల ఆమె.

మరి మన కర్నూలు, కడప? ఇక్కడ మైదానమంటే కాల్చిన ఇటుకలాంటి నేల. బంతి పడితే మోకాలెత్తు లేవాల్సింది ఛాతీ దాకా ఎగురుతుంది. జారిపడితే మోకాలి చర్మం నేలకే అంటుకుంటుంది. ఇలాంటి నేల మీద బంతిని పాదం కింద ఆపడం నేర్చినవాళ్లకు పచ్చిక మీద ఆట తేలికవుతుంది. అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ క్రీడాగ్రామం ఇదే నేల మీద అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఫుట్‌బాల్ నేర్పుతోంది. క్రికెట్‌లో కడప జిల్లా పల్లెటూరి పిల్ల శ్రీచరణి సంగతీ చూశాం. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ వచ్చింది, 2024 డిసెంబర్ వేలంలో ఢిల్లీ జట్టు ఆమెను 55 లక్షలకు తీసుకుంది, 2025 నవంబర్ 2న ఆమె ఉన్న జట్టు క్రికెట్ ప్రపంచకప్ గెలిచింది. నీళ్లు వదిలిన మూడేళ్లలోపే చివరి ఆయకట్టు పండింది.

కేసీ కాలువ కింద రెండు లక్షల అరవై అయిదు వేల ఎకరాల ఆయకట్టు ఉంది. చివరి ఎకరానికి నీరు చేరాలంటే వంతులవారీగా నీళ్లు వదిలే వారబందీ పాటించాలని ఇక్కడ ప్రతి రైతుకూ తెలుసు. బడి మైదానానికీ అదే పెట్టండి. సాయంత్రం అబ్బాయిలకు మూడు రోజులు, అమ్మాయిలకు మూడు రోజులు. వ్యాయామ ఉపాధ్యాయులారా, ఒక బంతీ, సున్నంతో గీసిన నాలుగు గీతలూ చాలు. తల్లిదండ్రులారా, మోకాలు గీరుకుని వచ్చిన పిల్లను తిట్టకండి. పసుపు రాసి, మర్నాడు మళ్లీ పంపండి.