పలాస స్టేషన్‌లో దిగని పత్రిక

పలాస అంటే జీడిపప్పు, ఉద్దానం అంటే కొబ్బరితోటలు, కిడ్నీ జబ్బు. మన ఊళ్ల మీద వీడియో అంటే ఈ మూడే. నేనూ అవే చేశాను. ఈసారి ఒక పత్రిక కథ చెప్తాను. పేరు ‘బాంబే దోస్త్’.

నాకు దీని గురించి చెప్పింది వజ్రపుకొత్తూరు వైపు ఒక పెద్దాయన. పేరు చెప్పొద్దన్నారు. తొంభైల్లో ఆయన బొంబాయిలో పని చేసేవారు. ఊరికి వస్తూ ఒక సంచిక బట్టల మధ్య దాచుకుని రైలెక్కారు. పైబెర్తు మీద పడుకుని మొత్తం చదివేశారు. నౌపడ దాటాక భయం పట్టుకుంది. ఇంటికెళ్తే పెట్టె విప్పేది అమ్మే కదా! పలాసలో దిగేముందు పత్రికని బెర్తు మీదే వదిలేశారు.

అంత భయపడాల్సింది ఏటుంది అందులో? అది గే, బైసెక్సువల్ వాళ్ల కోసం వచ్చిన పత్రిక. 1990లో అశోక్ రావు కవి అనే జర్నలిస్టు మొదలుపెట్టారు. ‘నేను గే’ అని 1986లోనే ‘సావీ’ పత్రికలో పేరుతో సహా చెప్పిన మనిషి ఆయన. ఆ రోజుల్లో ఐపీసీ 377 సెక్షన్ ఉండేది. బ్రిటిష్ వాళ్లు 1860లో పెట్టిన చట్టం, యావజ్జీవం దాకా శిక్ష పడొచ్చు. అందుకే పత్రిక ఖాకీ కవర్లో చేతులు మారేది. ఇంగ్లిష్‌తో పాటు హిందీ పేజీలుండేవి, తెలుగు లేదు. ఎయిడ్స్ నుంచి ఎలా కాపాడుకోవాలో రాసేవారు. దానికంటే ముఖ్యం ఉత్తరాలు. నాలాంటివాడు ఇంకొకడున్నాడని తెలిసేది అక్కడే.

పోస్టులో తెప్పించుకోవచ్చు కదా అంటారు మీరు. మన ఊళ్లో పోస్ట్‌మేన్ అంటే అందరికీ చుట్టం. ఏ కవర్ ఎవరికి వచ్చిందో సాయంత్రానికి టీకొట్టు దగ్గర తెలిసిపోద్ది.

జపాన్‌లో ఇలాంటిదే ‘బరజొకు’ అని ఉండేది. 1971లో మొదలై, నెలనెలా వస్తూ 2004 దాకా నడిచింది. నడిపిన ఇతో బుంగాకు గే కాదు, సొంత ప్రచురణ సంస్థ ఉన్నాయన. దాన్ని కూడా నిలబెట్టినవి పాఠకుల పరిచయ ప్రకటనలే. అవి ఇంటర్నెట్‌కి వెళ్లిపోయాక పత్రిక పడిపోయింది.

మనది అలా నెలనెలా రాలేకపోయింది. డబ్బుల్లేక 2002లో ఆగింది. 2009లో మళ్లీ వచ్చింది, నటి సెలీనా జైట్లీ విడుదల చేశారు. అదే ఏడాది జులై 2న ఢిల్లీ హైకోర్టు 377కి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. 2013లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మళ్లీ 2018 సెప్టెంబర్ 6న అదే సుప్రీంకోర్టు, ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ల మధ్య అది నేరం కాదంది.

ఆ రోజు మన పెద్దాయన టీవీలో స్క్రోలింగ్ చూశారు. పక్కన మనవలున్నారు. ఛానెల్ మార్చేశారు. ఐదు వారాలకి, అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చింది. జీడిచెట్లు, కొబ్బరిచెట్లు కూలిపోయాయి. ఇంక తీర్పు గురించి ఎవరితో మాట్లాడతారు?

‘ఆ పత్రికలో ఏటి గుర్తుంది తాతా?’ అని అడిగాను.

‘ఒక ఉత్తరం బాబూ. చిన్న ఊరి కుర్రాడిది. జవాబు రాద్దామనుకున్నాను. అడ్రస్ ఉన్న పేజీ ఆ రైల్లోనే ఉండిపోయింది.’